ధ్వని ఆవరణ శాస్త్రం: చుట్టూ ఉన్న చప్పుళ్లను వినడం నేర్చుకోవడం

ఒక చోట బతికే మనుషులకూ జంతువులకూ, ఆ చోట పుట్టే శబ్దాలకూ మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించే విద్య ధ్వని ఆవరణ శాస్త్రం. ఇంగ్లీషులో దీన్ని అకౌస్టిక్ ఎకాలజీ అంటారు. ఒక ప్రదేశంలో, ఒక వేళలో చెవిన పడే శబ్దాలన్నిటినీ కలిపి సౌండ్‌స్కేప్ అని పిలుస్తారు. ఈ వ్యాసంలో దానికి ధ్వని పరిసరం అనే మాట వాడుతున్నాం. గాలి, వాన, కప్పలు, కాకులు, ప్రెషర్ కుక్కర్ విజిల్, ఆటో హారన్, పక్కింటి టీవీ, గుడి గంట, అజాన్ అన్నీ అందులో భాగాలే.

శబ్ద కాలుష్య నియంత్రణ ఈ విద్యలో ఒక పాయ మాత్రమే. ఏ శబ్దాన్ని తగ్గించాలి అన్న ప్రశ్నతో పాటు, ఏ శబ్దాన్ని కాపాడుకోవాలి అన్న ప్రశ్న కూడా వేయడం దీని ప్రత్యేకత. ఈ రెండో ప్రశ్నకు కొలిచే యంత్రం జవాబు చెప్పలేదు. ఆ చోట ఉండేవాళ్లు చెవిపెట్టి విని చెప్పాలి. అందుకే ఈ శాస్త్రంలో కొలతల కన్నా ముందు వినడం నేర్పుతారు.

వాంకూవర్‌లో మొదలు

శబ్దాలను కళగా వినవచ్చునన్న ఆలోచన 20వ శతాబ్దం తొలినాళ్లలోనే ఉంది. ఇటలీకి చెందిన లూయిజీ రుస్సోలో 1913లోనే యంత్రాల మోతలను సంగీతంలోకి తీసుకోవాలని ప్రకటన రాశాడు. 1952లో అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రాసిన ఒక కృతిలో వాద్యకారుడు నాలుగు నిమిషాల ముప్పైమూడు సెకన్ల పాటు ఒక్క స్వరమూ వాయించడు. హాలులో ఆ సమయంలో వినిపించే చప్పుళ్లే శ్రోతలు వినే కృతి. నగర ప్రణాళిక వైపు నుంచి 1969లో మైకేల్ సౌత్‌వర్త్ ప్రచురించిన అధ్యయనం ముఖ్యమైనది. బోస్టన్ వీధుల్లో కొందరిని కళ్లకు గంతలు కట్టి, మరికొందరిని చెవులు మూసి చక్రాల కుర్చీల్లో తిప్పి, నగరం ఎవరికి ఎలా తెలిసిందో ఆయన పోల్చి చూశాడు.

వీటన్నిటినీ ఒక శాస్త్రంగా కూడదీసినవాడు కెనడా స్వరకర్త ఆర్. మరే షేఫర్ (1933–2021). వాంకూవర్ పక్కనే బర్నబీలో ఉన్న సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయంలో ఆయన మొదట శబ్ద కాలుష్యం గురించి పాఠం చెప్పాడు. రొద చెడ్డది, అది పెరిగిపోతోంది అన్నంత వరకే సాగే పాఠం ఎటూ దారి తీయలేదు. ఫిర్యాదు నుంచి పరిశీలన వైపు మళ్లాలని ఆయనకు తోచింది. అలా 1960ల చివర, 1970ల ఆరంభంలో వరల్డ్ సౌండ్‌స్కేప్ ప్రాజెక్ట్ రూపుదిద్దుకుంది. బ్యారీ ట్రూవాక్స్, హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్, బ్రూస్ డేవిస్, పీటర్ హ్యూస్, హోవార్డ్ బ్రూమ్‌ఫీల్డ్ వంటివాళ్లు అందులో పనిచేశారు. 1973లో వాంకూవర్ నగర శబ్దాలను రికార్డులుగా, పుస్తకంగా వెలువరించారు. ఓడరేవులో పొగమంచు వేళ ఓడలను హెచ్చరించే బూరలు, స్టాన్లీ పార్కులో రాత్రి తొమ్మిదికి పేల్చే ఫిరంగి, మధ్యాహ్నం పన్నెండుకు దేశభక్తి గీతం మొదటి స్వరాలను మోగించే హారన్లు ఆ నగరపు గుర్తులుగా నమోదయ్యాయి.

షేఫర్ 1977లో ప్రచురించిన 'ద ట్యూనింగ్ ఆఫ్ ద వరల్డ్' ఈ రంగానికి మూలగ్రంథం. ట్రూవాక్స్ 1978లో పారిభాషిక పదాలతో ఒక కరదీపిక కూర్చాడు. 1993లో కెనడాలోని బాన్ఫ్‌లో జరిగిన సమావేశంలో వరల్డ్ ఫోరం ఫర్ అకౌస్టిక్ ఎకాలజీ ఏర్పడింది.

ఆధారం, సంకేతం, ఆనవాలు

ధ్వని పరిసరంలోని శబ్దాలను షేఫర్ మూడు రకాలుగా విడదీశాడు. మొదటిది ఆధార ధ్వని. కచేరీలో తంబురా శ్రుతిలా అది వెనక సాగుతూనే ఉంటుంది, దాన్ని ప్రత్యేకించి ఎవరూ వినరు. తీరం ఊళ్లలో అలల హోరు, నగరంలో రోడ్డు రొద, ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్ చేసే జుమ్మనే మోత ఇలాంటివి. కరెంటు పోయినప్పుడు ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగినట్టు అనిపించడం అందరికీ అనుభవమే. అంతసేపూ ఉన్న ఆధార ధ్వని, ఆగిన తరువాతే తెలుస్తుంది.

రెండోది సంకేత ధ్వని. వినమని పిలిచేది, వినకపోతే నష్టం కలిగించేది. అంబులెన్స్ సైరన్, బడి గంట, రైలు కూత, పాతకాలపు టముకు దండోరా ఈ కోవలోవి. గోల్కొండ కోటను దీనికి చక్కటి ఉదాహరణగా చెప్పవచ్చు. ఫతే దర్వాజా దగ్గర గోపురం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరాన, కొండ మీది బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది. కోట గుమ్మం దగ్గరికి ఎవరు వచ్చినదీ పైవాళ్లకు తెలియడానికి రాతికట్టడమే సాధనమైంది. పర్యాటకులు ఇప్పుడు దాన్ని వింతగా చూసి వెళ్లిపోతారు. ఒక రాజ్యం తన భద్రతను చెవి మీద ఎంతగా ఆనించిందో ఆ చప్పట్లలో తెలుస్తుంది.

మూడోది ఆనవాలు ధ్వని. ఒక ఊరికే సొంతమై, ఆ ఊరివాళ్లు విలువ ఇచ్చే శబ్దం. భవనాన్నీ చెట్టునూ ఆనవాలుగా గుర్తుపెట్టుకున్నట్టే దీన్నీ గుర్తుపెట్టుకుంటారు. తిరుమలలో తెల్లవారుజామున వినిపించే సుప్రభాతం అలాంటిది. ధనుర్మాసంలో హరిదాసు చిడతలు, సంక్రాంతి రోజుల్లో గంగిరెద్దుల సన్నాయి ఒక చోటుకు కాక ఒక రుతువుకు ఆనవాళ్లు. ఈ పట్టికలో చోటుతో పాటు కాలాన్ని కూడా చేర్చుకోవాలని తెలుగు పల్లెలను ఎరిగినవారికి తప్పక అనిపిస్తుంది.

షేఫర్ వాడిన మరో ఆలోచన, పుట్టిన చోటి నుంచి శబ్దాన్ని విడదీయడం. 1877లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ వచ్చేదాకా శబ్దం పుట్టిన క్షణానికే పరిమితమై ఉండేది. దాని తరువాత శబ్దం ఎక్కడికైనా పోగలిగింది, ఎన్నిసార్లైనా రాగలిగింది. మన వీధుల్లో ఈ మార్పు చాలా దగ్గరగా కనిపిస్తుంది. పాత సామాన్లు కొనే మనిషి, కూరగాయల బండి మనిషి ఒకప్పుడు గొంతెత్తి అరిచేవారు. ఆ కేకలో ఎవరి బాణీ వారిది. ఇంట్లో వంట చేసుకుంటున్న ఇల్లాలు గొంతు విని, వచ్చింది తనకు తెలిసిన మనిషేనని బయటికి వచ్చేది. పిలిస్తే కేక ఆపి ఆగేవాడు. ఇప్పుడు ఆటో మీద చిన్న స్పీకరు పెట్టి, ఒకే మాటను రికార్డు చేసి తిప్పుతుంటారు. ఆ గొంతు బండి నడిపే మనిషిది కాకపోవచ్చు. అది అలసిపోదు, వీధి మలుపులో తగ్గదు, గడపలో నిద్రపోతున్న పసిబిడ్డను చూసి ఆగదు. అమ్మేవాడి గొంతు నొప్పి తగ్గింది నిజమే, అది చిన్న విషయం కాదు. కానీ పిలుపుకూ జవాబుకూ మధ్య ఉన్న ముడి తెగిపోయింది.

న్యూఢిల్లీ వీధి వ్యాపారుల కేకల మీద వెస్టర్‌క్యాంప్ చేసిన పని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1992లో అక్కడి మాక్స్ ముల్లర్ భవన్ ఏర్పాటు చేసిన కార్యశాలకు ఆమె వచ్చింది. అప్పుడూ ఆ తరువాతా రికార్డు చేసిన శబ్దాలతో 1997లో ఒక కృతి కూర్చింది. అందులో గొంతెత్తి పిలిచే వ్యాపారులే ముఖ్యపాత్రలు.

ఐదు పల్లెలు

షేఫర్ బృందం 1975లో ఐరోపా వెళ్లి ఐదు గ్రామాల్లో ఉండి వాటి శబ్దాలను నమోదు చేసింది. అవి స్వీడన్‌లో స్క్రూవ్, జర్మనీలో బిస్సింగెన్, ఇటలీలో చెంబ్రా, ఫ్రాన్స్‌లో లెస్కోనిల్, స్కాట్లాండ్‌లో డాలర్. గంటలు ఎంత దూరం వినిపిస్తాయో నడిచి కొలిచారు, రోజంతా వాహనాలను లెక్కపెట్టారు, ముసలివాళ్లను కూర్చోబెట్టి ఇప్పుడు వినిపించని చప్పుళ్లేమిటో అడిగి రాసుకున్నారు.

వీటిలో బ్రిటనీ తీరపు చేపలరేవు లెస్కోనిల్ కథ బాగా తెలుసుకోదగ్గది. మంచి వాతావరణం ఉన్న రోజుల్లో అక్కడ గాలి సూర్యుడితో పాటు దిక్కు మారుతూ పోతుంది. ఒక వేళకు నేల మీదుగా వీచి లోపలి ఊళ్ల శబ్దాలను తెస్తుంది, మరో వేళకు సముద్రం మీదుగా వీచి దారి గుర్తుగా నీటిపై తేలే బోయ్‌ల మోతనూ పడవల చప్పుడునూ తెస్తుంది. ఏ శబ్దం ఏ వైపు నుంచి ఎప్పుడు వస్తోందన్నదే అక్కడివాళ్లకు వేళను, వాతావరణాన్ని చెప్పేది. వరుస తప్పితే వాతావరణం మారబోతోందని అర్థం. చెవితో చదివే పంచాంగం అది.

ఫిన్లాండ్ పరిశోధకులు 2000 ప్రాంతంలో మళ్లీ అవే గ్రామాలకు వెళ్లి, తమ దేశం నుంచి నౌవో అనే ఊరిని కూడా చేర్చి, పాతికేళ్లలో ఏం మారిందో పరిశీలించారు. ఒకే చోటికి ఒక తరం తరువాత తిరిగి వెళ్లి వినడం ఈ రంగంలో చాలా విలువైన పద్ధతి, చాలా అరుదైనది కూడా.

జపాన్ దారి వేరు. అక్కడి పర్యావరణ శాఖ 1996లో, కాపాడుకోవాలనుకునే శబ్దాలేవో చెప్పమని ప్రజలను అడిగింది. 738 ప్రతిపాదనలు వచ్చాయి, వాటిలో వందను ఎంపిక చేశారు. ఒఖోట్‌స్క్ సముద్రపు మంచుపలకల చప్పుడు నుంచి హిరోషిమా శాంతి గంట దాకా ఆ జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వం శబ్దాన్ని ఫిర్యాదుగా కాక వారసత్వంగా చూసిన సందర్భం ఇది.

పనిచేసే చెవి

వినడం నేర్చుకోవడం సంగీతకారులకే పరిమితమైన విద్య కాదు. మన ఇళ్లలో, పనుల్లో అది ఎప్పటి నుంచో ఉంది. కుమ్మరి దగ్గర కుండ కొనేవాళ్లు దాన్ని ఒక చేత్తో అంచు పట్టి లేపి, రెండో చేతి వేలి కణుపుతో తడతారు. బాగా కాలిన కుండ ఖంగుమంటుంది. సన్నటి బీట ఉంటే కంటికి కనపడకపోయినా చప్పుడు మొద్దుగా, చచ్చుగా వస్తుంది. బీట దగ్గర మట్టి అంచులు ఒకదానికొకటి రాసుకుని కంపనాన్ని మింగేస్తాయి, అందుకే మోత నిలవదు. అనుభవమున్నవాళ్లు ఒకే కుండను రెండు మూడు చోట్ల తట్టి, చప్పుడు ఎక్కడ మారిందో దాన్ని బట్టి బీట ఏ వైపుందో చెప్పగలరు.

తాలింపు వేసేటప్పుడు ఆవాలు చిటపటలాడటం మొదలై, జోరందుకుని, పలచబడే క్షణాన్ని వంటచేసేవాళ్లు చెవితోనే పట్టుకుంటారు. అప్పుడు చూపు ఉల్లిపాయల మీద ఉంటుంది. మెకానిక్ స్క్రూడ్రైవర్ ఒక కొసను ఇంజిన్ మీద, రెండో కొసను చెవి దగ్గర పెట్టి బేరింగ్ అరిగిందో లేదో వింటాడు. మృదంగం మీద రాయితో మెల్లగా తట్టి శ్రుతి సరిచేసే విద్వాంసుడు అంచు చుట్టూ ఒక్కో కన్నునూ విడివిడిగా వింటాడు. ఫ్రెంచి వైద్యుడు లాయెన్నెక్ 1816లో కాగితాన్ని గొట్టంగా చుట్టి రోగి గుండె చప్పుడు విన్నాడు. స్టెతస్కోపు అక్కడి నుంచే పుట్టింది.

చూపు లేనివారు కర్ర నేలకు తగిలించినప్పుడు వచ్చే చప్పుడు, దాని ప్రతిధ్వనిని బట్టి గోడ ఎంత దూరంలో ఉందో, సందు ఎక్కడ తెరుచుకుందో గ్రహిస్తారు. రోడ్డు రొద పెరిగితే మిగతావారికి చిరాకు, వారికి దారే చెరిగిపోతుంది. మరోవైపు, చప్పుడు లేని ఎలక్ట్రిక్ వాహనాలు వారికి కొత్త ప్రమాదం తెచ్చాయి. అందుకే ఐరోపా సమాఖ్య 2019 జూలై నుంచి కొత్త నమూనా ఎలక్ట్రిక్ కార్లు తక్కువ వేగంలో, గంటకు 20 కిలోమీటర్ల దాకా, కావాలని చప్పుడు చేయాలని నిబంధన పెట్టింది. నిశ్శబ్దమే ఎప్పుడూ మంచిదనుకోవడం పొరపాటని దీన్నిబట్టి తెలుస్తుంది.

జీవజాలం వైపు నుంచి

రేచల్ కార్సన్ 1962లో పురుగుమందుల ప్రమాదం గురించి రాసిన పుస్తకానికి పక్షుల కూతలు లేని వసంతాన్ని పేరుగా పెట్టింది. అడవి ఆరోగ్యాన్ని చెవితో తెలుసుకోవచ్చన్న ఊహకు ఆ పేరు గొప్ప ప్రచారం ఇచ్చింది. దాన్ని పద్ధతిగా మలిచినవారిలో అమెరికాకు చెందిన బెర్నీ క్రౌస్ ముఖ్యుడు. శబ్దాలను ఆయన జీవులవి, ప్రకృతి శక్తులవి, మనుషులవి అని మూడుగా విడదీశాడు. ఆరోగ్యంగా ఉన్న అడవిలో ఒక్కో జాతి తనకంటూ ఒక స్థాయినీ ఒక వేళనూ ఎంచుకుని కూస్తుందని, ఒకదాని గొంతుకు మరొకటి అడ్డురాదని ఆయన వాదన. ఈ వాదన అన్ని చోట్లా సరిగ్గా సరిపోదని చెప్పే పరిశోధకులూ ఉన్నారు.

క్రౌస్ 1988లో కాలిఫోర్నియాలోని సియెరా నెవాడా పర్వతాల్లో లింకన్ మెడో అనే పచ్చికబయలు శబ్దాలను రికార్డు చేశాడు. చెట్లను ఏరి కొట్టడం వల్ల ఏ మార్పూ రాదని కలప కంపెనీ అక్కడివారికి చెప్పి ఉంది. కోత అయ్యాక, ఏడాది తరువాత అదే రోజుల్లో మళ్లీ వెళ్లాడు. ఫొటోలో ఆ చోటు మునుపటిలాగే ఉంది. రికార్డింగులో పక్షుల గొంతులు చాలావరకు మాయమయ్యాయి, ఏటి గలగల, ఒక వడ్రంగిపిట్ట చప్పుడు మిగిలాయి.

రొదలో బతికే పక్షులు కూతనే మార్చుకుంటాయి. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ పిట్టలు, రోడ్డు రొద ఎక్కువగా ఉన్నచోట పాటను పై స్థాయిలో మొదలుపెడతాయని 2003లో తేలింది. వాహనాల రొద కింది స్థాయిలో ఉంటుంది, దాన్ని తప్పించుకోవడానికి అవి గొంతు పైకెత్తాయి. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ సమయంలో శాన్‌ఫ్రాన్సిస్కో పిచ్చుకలు ఇందుకు ఎదురుగా వెళ్లాయి. ట్రాఫిక్ పడిపోగానే అవి గొంతు తగ్గించి పాడాయి, అయినా పాట మునుపటి కన్నా ఎక్కువ దూరం వినిపించింది. గోలలో మనం తెలియకుండానే గొంతు పెంచుతామని ఫ్రెంచి వైద్యుడు లోంబార్డ్ 1911లో వివరించాడు. పక్షులదీ మనదీ ఈ విషయంలో ఒకే స్వభావం.

నీటిలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు మించిన వేగంతో, సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది. తిమింగలాలకు వినికిడే ముఖ్యమైన ఇంద్రియం. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత కెనడా దగ్గర ఫండీ అఖాతంలో ఓడల రాకపోకలు తగ్గి, నీటిలో రొద 6 డెసిబెల్స్ పడిపోయింది. అదే రోజుల్లో అక్కడి రైట్ తిమింగలాల మలంలో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయి. ఆ రెంటినీ ముడిపెట్టిన అధ్యయనం 2012లో వెలువడింది. 2019లో వెలువడిన మరో ప్రయోగంలో, ఆస్ట్రేలియాలో దెబ్బతిన్న పగడపు దిబ్బల దగ్గర ఆరోగ్యకరమైన దిబ్బ శబ్దాలను స్పీకర్లతో వినిపిస్తే, వచ్చి చేరిన చేపల సంఖ్య రెట్టింపైంది.

తెలుగునేలకు సంబంధించిన గొప్ప ఉదాహరణ కలివికోడి. 1848లో శాస్త్రవేత్తలకు తెలిసిన ఈ పక్షి 1900 తరువాత కనిపించక, అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986లో కడప ప్రాంతంలో స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. దాని కోసమే శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. రాత్రిళ్లు తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య మసలుతుంది, మనిషి అలికిడి వింటే దాక్కుంటుంది. దాన్ని కంటితో వెతకడం దాదాపు వృథా. అందుకే దాని కూత తెలిసిన తరువాత పరిశోధకులు మెత్తటి మట్టిపట్టీల మీద అడుగుజాడలు చూడటంతో పాటు, మునిమాపు వేళ రికార్డు చేసిన కూతను వినిపించి, జవాబు కోసం చెవులు రిక్కించి కూర్చున్నారు. ఒక జాతి ఇంకా బతికి ఉందా లేదా అన్న ప్రశ్నకు సాక్ష్యం ఒక కూత కావడం ఈ విద్య ఎంత అవసరమో చూపిస్తుంది.

భారతదేశపు మరో పక్షికి ఈ చరిత్రలో తొలి స్థానమే ఉంది. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ల బాలుడు తండ్రి కొనిచ్చిన ఫోనోగ్రాఫ్ మీద పంజరంలోని పక్షి పాటను మైనపు సిలిండర్‌పై పట్టాడు. మనకు తెలిసినంతలో అదే మొదటి పక్షి రికార్డింగు, ఆ పక్షి భారతీయ శామా.

డెసిబెల్ చెప్పేది, చెప్పనిది

శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. ఇది మామూలు కూడికల లెక్క కాదు. 3 డెసిబెల్స్ పెరిగితే శక్తి రెట్టింపు, 10 పెరిగితే పదింతలు. భారతదేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం పగలు, రాత్రి పరిమితులు ఇవి: పారిశ్రామిక ప్రాంతాల్లో 75, 70; వాణిజ్య ప్రాంతాల్లో 65, 55; నివాస ప్రాంతాల్లో 55, 45; నిశ్శబ్ద మండలాల్లో 50, 40. పగలు అంటే ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. రొద లేకుండా బతకడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2005 జూలై 18 తీర్పులో స్పష్టం చేసింది. 2011లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఏడు నగరాల్లో శబ్దాన్ని నిరంతరం కొలిచే కేంద్రాలు మొదలుపెట్టింది, వాటిలో హైదరాబాద్ ఒకటి.

ఈ చట్టం అవసరమైనది, ఇంకా గట్టిగా అమలు కావలసినది. చెవిలోపల శబ్దాన్ని గ్రహించే రోమకణాలు ఒకసారి చనిపోతే మళ్లీ పుట్టవు. నిద్రలో కూడా చెవి పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి, లేవకపోయినా రాత్రి రొద గుండె వేగాన్నీ రక్తపోటునూ కదిలిస్తుంది. పశ్చిమ ఐరోపాలో ఒక్క వాహనాల రొద వల్లే ఏటా కనీసం పదిలక్షల ఆరోగ్యవంతమైన జీవిత సంవత్సరాలు పోతున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో అంచనా వేసింది.

అయినా డెసిబెల్ అన్నీ చెప్పదు. రోజంతా సగటు తీసిన అంకెలో, అర్ధరాత్రి ఆసుపత్రి కిటికీ కింద మోగిన ఒక్క హారన్ కలిసిపోతుంది. ఏటి గట్టునా ఫ్లైఓవర్ కిందా మీటరు ఒకే అంకె చూపించవచ్చు, కానీ ఒకచోట మనిషి కూర్చోవాలనుకుంటాడు, మరోచోట పారిపోవాలనుకుంటాడు. ఈ తేడాను గుర్తించి 2014లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 12913 మొదటి భాగం తెచ్చింది. ధ్వని పరిసరమంటే ఒక సందర్భంలో మనుషులు గ్రహించి, అనుభవించి, అర్థం చేసుకున్న శబ్దాల సమాహారమని దాని సారం. 2018లో వచ్చిన రెండో భాగం, ఒక చోటు ఎలా ఉందో అక్కడివాళ్లను నడిపించి అడగమంటుంది: ఆహ్లాదంగానా, చిరాగ్గానా, ప్రశాంతంగానా, గందరగోళంగానా, సందడిగానా, నిస్సారంగానా అని.

ఆచరణలో దీని ఫలితాలు ఉన్నాయి. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ రైల్వే స్టేషన్ ముందు రోడ్డు వైపు పొడవాటి ఉక్కుగోడ మీదుగా నీళ్లు పారించారు. వాహనాల రొద పోలేదు, కానీ స్టేషన్ నుంచి బయటికి వచ్చేవాళ్లకు ముందుగా నీటి చప్పుడు వినిపిస్తుంది.

విమర్శలు

షేఫర్ పల్లెను స్వచ్ఛంగా, నగరాన్ని చెడిపోయినదిగా చూశాడన్న విమర్శ బలమైనదే. దూరపు శబ్దాలు కూడా విడివిడిగా వినిపించే చోటును ఆయన హై-ఫై అన్నాడు, అన్నీ కలిసిపోయి దగ్గరివి కూడా తెలియని చోటును లో-ఫై అన్నాడు. శనివారం సంతలో గందరగోళమే ప్రాణం. దాన్ని లో-ఫై అని తక్కువ చేయడం సరికాదు. ఎవరి శబ్దం రొద అనే ప్రశ్నలో అధికారం కూడా ఉంటుంది. ఒకే వీధిలో ఒకరి భజన మరొకరికి మోత కావచ్చు, పెళ్లి ఊరేగింపు డీజే గురించి మాట్లాడనివాళ్లు డప్పు చప్పుడుకు మాత్రం ముఖం చిట్లించవచ్చు. డెసిబెల్ ఇద్దరికీ ఒకేలా వర్తించాలి. అలా వర్తించనప్పుడు శబ్ద నియంత్రణ పేరుతో మనుషులనే అణచడం జరుగుతుంది. మానవశాస్త్రవేత్త టిమ్ ఇంగోల్డ్ 2007లో సౌండ్‌స్కేప్ అన్న భావననే ప్రశ్నించాడు. శబ్దం చూసే వస్తువు కాదని, అందులో మనం మునిగి ఉంటామని ఆయన అభ్యంతరం.

స్టీవెన్ ఫెల్డ్ పాపువా న్యూగినీలోని బోసావి అడవుల్లో కలులి ప్రజల మధ్య చేసిన పని ఈ విమర్శలకు మంచి సమాధానం. వాళ్లు పక్షుల కూతలను చనిపోయినవారి గొంతులుగా వింటారు, వేళనూ రుతువునూ వాటితో గుర్తిస్తారు, పాటలను జలపాతాల తీరులో కట్టుకుంటారు. 1982లో వచ్చిన ఆయన పుస్తకం వినడం అనేది ప్రతి సమాజంలోనూ వేరువేరుగా నేర్చుకునే జ్ఞానమని చూపించింది.

అభ్యాసం

ఈ రంగంలో అందరికీ అందుబాటులో ఉన్న సాధన వినికిడి నడక. వెస్టర్‌క్యాంప్ 1974లో దీని గురించి రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గది. పద్ధతి సులువు. అరగంటో గంటో ఎవరూ మాట్లాడకుండా నడుస్తారు, ఫోన్లు ఆపేస్తారు. ముందు తమ అడుగుల చప్పుడు వింటారు, తరువాత దగ్గరివి, ఆ తరువాత వినిపించే వాటిలో అన్నిటికన్నా దూరమైనది. నడక అయ్యాక మాట్లాడుకుంటారు. ఒకే దారిని తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి నడిస్తే అది మూడు వేర్వేరు వీధులని తెలుస్తుంది. తెల్లవారుజామున ఎక్కడో దూరపు రైలు కూత కూడా దగ్గరగా వినిపించడానికి కారణముంది. అప్పుడు నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండటం వల్ల శబ్దతరంగాలు పైకి పోకుండా నేల వైపు వంగుతాయి.

పిల్లలకైతే ఒక కాగితం మధ్యలో గుర్తు పెట్టించి, అదే తామనుకుని, వినిపించిన ప్రతి శబ్దాన్నీ వచ్చిన దిక్కులో, దూరాన్ని బట్టి రాయించాలి. గలగల, కిచకిచ, సలసల, టపటప, దడదడ అని వాళ్లకు తోచిన మాటే రాయనివ్వాలి. ఆ పటం పక్కన ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఏది ముందెప్పుడూ గమనించలేదు అని మూడు వరుసలు చాలు. వానాకాలంలో కీచురాళ్లతో మరో పాఠం చెప్పవచ్చు. వేడి పెరిగేకొద్దీ వాటి కూత వేగం పెరుగుతుంది. కూతల లెక్కకూ ఉష్ణోగ్రతకూ ఉన్న ఈ సంబంధాన్ని అమోస్ డాల్బేర్ 1897లో సూత్రంగా రాశాడు.

రికార్డు చేయడానికి ఇప్పుడు ఫోనే చాలు. కూత విని పక్షిని గుర్తించే మెర్లిన్ వంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి, ప్రపంచవ్యాప్తంగా పక్షుల గొంతులను సేకరించే జీనో-కాంటో వంటి భాండాగారాలు ఉన్నాయి. ఊరి శబ్దాలకు మాత్రం ఊరివాళ్లే పూనుకోవాలి. బుడబుక్కలవాడి డమరుకం, రైసు మిల్లు మోత, రేవులో బట్టలుతికే బండ చప్పుడు, బడి గంట, మీ వీధిలో ఇంకా గొంతెత్తి పిలిచే ఆకుకూరల అవ్వ కేక, ఇవన్నీ రికార్డు చేయదగ్గవే. కేకలు, పాటలు పట్టేటప్పుడు ఆ మనిషిని అడిగి పట్టండి. ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే వాళ్ల చిన్నప్పుడు వినిపించి ఇప్పుడు వినిపించని చప్పుళ్లేమిటో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. తేదీ, వేళ, చోటు రాయని రికార్డింగు కొన్నేళ్లు పోయాక ఎవరికీ పనికిరాదు. ఫైలు పేరులోనే ఆ మూడూ పెట్టండి.